ఊదుగొట్టమును ఇంజనును



ఆత్మసంబంధమైన సంగతులు ప్రచురించు ఈ పత్రికలో ఒక పాస్టరు కారును గూర్చి వ్రాయుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అయినను నేను ఏ గ్రామమునకు పోయినను, ఆరాధన ముగిసిన పిమ్మట వాక్యమును గూర్చి ఒక్కరు ప్రశ్న వేసినయెడల, కారును గూర్చి నలుగురు వేయుచున్నారు. పెద్దలు "లీటరుకు ఎంత ఇస్తాది అయ్యగారూ?" అందురు. యౌవనస్థులు "దీనికి టర్బో ఉందంట గదా, ఎంత స్పీడు పోతాది?" అందురు. స్త్రీలు ఏమియు అడుగరు. అయితే నోటితో అడుగకుండ వారు అడుగు ప్రశ్న ఒకటి కలదు. ఈయనకు ఇది ఎక్కడినుండి వచ్చెను అనునదే ఆ ప్రశ్న.

కడపటిదానికే మొదట జవాబు చెప్పెదను. మాది స్విఫ్టు డీజిలు కారు, 2014లో తయారైనది. నాలుగేండ్లు మరియొకరు వాడుకొనిన పిమ్మట 2018లో నేను కొంటిని. గడువు తీరిన జీవిత బీమా సొమ్మును, మోటారుసైకిలు అమ్మగా వచ్చినదియు, నా భార్య పొదుపు చేసినదియు కలిసి ఆ ధరకు సరిపోయెను. సంఘపు పెట్టెలోనిది ఒక్క రూపాయియు దానిలో చేరలేదు. అయితే నాకు అప్పగింపబడిన ఏడు గ్రామములకు తిరుగుటకు పట్టు డీజిలు సంఘమే ఇచ్చుచున్నది. మీరెరిగినట్లు, మన క్రైస్తవ స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల ఎసటిలో పోయు బియ్యమునుండి ఒక పిడికెడు తీసి ప్రభువు నిమిత్తము వేరొక కుండలో వేయుదురు. ఆ పిడికెడు బియ్యమే నా కారులో డీజిలగుచున్నది. కాబట్టి కారులో ఒక నోటుపుస్తకము ఉంచితిని. సంఘపు పనిమీద పోయిన కిలోమీటర్లు ఒక వరుసలోను, మా యింటి పనిమీద పోయినవి వేరొక వరుసలోను వ్రాయుదును. నెల మొదటి ఆదివారమున దానిని అందరియెదుట చదువుదును. లీటరుకు ఇంచుమించు 20 కిలోమీటర్లు వచ్చుచున్నదని పెద్దలకు ఆ పుస్తకమే సాక్ష్యము. కొందరు నా ప్రసంగముకంటె ఆ లెక్కనే ఎక్కువ శ్రద్ధగా వినుచున్నారని నేనెరుగుదును; అందుకు నాకు విచారము లేదు.

ఇక టర్బో సంగతి. మీ యింట పొయ్యిదగ్గర ఊదుగొట్టము ఉండెడిది గదా. కట్టెలు పొగ చూరుచు మండకపోయినప్పుడు మీ తల్లి దానిని నోట పెట్టుకొని ఊదెడిది. గాలి తగలగానే అవే కట్టెలు భగ్గుమనెడివి. ఇంజనులో జరుగునదియు ఇదే. డీజిలు మండవలెనన్న గాలి కావలెను. మామూలు ఇంజను తన పిస్టను క్రిందికి దిగునప్పుడు పీల్చుకొనగలిగినంత గాలినే పీల్చుకొనును. దానికి ఊదుగొట్టమువంటి దానిని అమర్చి, గాలిని ఒత్తి లోపలికి పంపినయెడల, అంతే చిన్న ఇంజను ఎక్కువ డీజిలును చక్కగా మండించుకొని ఎక్కువ బలము నిచ్చును.

అయితే ఆ గొట్టమును ఊదువారెవరు? నాకు ఆశ్చర్యము కలిగించినది ఇదియే. ఇంజనులో మండిన పొగ బయటికి పోవునప్పుడు మిక్కిలి వేడిగాను వేగముగాను పోవును. మామూలు బండిలో ఆ వేడియు వేగమును సైలెన్సరు గుండ గాలిపాలగును. టర్బో ఉన్న బండిలో ఆ పొగ పోవు దారికి అడ్డముగా రెక్కలుగల ఒక చిన్న చక్రము ఉండును. పొగ దానిని త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొనయందు మరియొక చక్రము ఉండి, అదియు దానితోకూడ తిరుగుచు, బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి తోయును. అవి నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. అంతటి వేగముతో తిరుగు ఇరుసు ఇనుముమీద ఇనుము రాచుకొని నిలువజాలదు. అది సన్నని నూనెపొరమీద తేలుచు తిరుగును. ఆ నూనె వేరొకటి కాదు, మనము ఇంజనులో పోయు ఆయిలే. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. దీని పని మరల వచ్చును.

ఈ ఉపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరైన ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు పొందెను. ఓడలకును ఇతర పెద్ద ఇంజనులకును చాలకాలము ఉపయోగింపబడిన పిమ్మట, 1962లో అమెరికాలో సామాన్యులు కొనుకొను కార్లలోనికి వచ్చెను. వానిలో ఒకటి ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైరు. దాని సంగతి చెప్పక మానజాలను. దాని ఇంజనులో పెట్రోలు వేడికి తనంతట తానే ముందుగా పేలకుండ, నీళ్లును మిథైల్ ఆల్కహాలును కలిపిన ద్రవమును చిలుకరించు ఏర్పాటొకటి చేసిరి. దానికొక చిన్న తొట్టి. ఆ తొట్టిని కారు యజమానుడు అప్పుడప్పుడు నింపుకొనవలెను. అంతకుమించి అతడు చేయవలసినది లేదు. అయితే అనేకులు నింపుట మరచిరి. తొట్టి ఎండినప్పుడు టర్బో బలము తగ్గిపోవుచుండెను. కొన్నదేమో బలము కొరకే. కడపట ఆ కంపెనీయే టర్బోను తీసివేసి మామూలు కార్బురేటరు అమర్చి ఇచ్చుటకు సిద్ధపడెను. పదిమంది కన్యకల ఉపమానము చదువునప్పుడెల్ల నాకు ఆ తొట్టి జ్ఞాపకము వచ్చును.

మా కారు ఇంజను ఇటలీ దేశపు ఫియట్ కంపెనీవారు రూపించినది. 1248 సి.సి. పరిమాణము, సుమారు 75 గుఱ్ఱముల బలము. రాజు గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకొనరాదని ధర్మశాస్త్రములో ఉండగా, పాస్టరుకు డెబ్బదియైదా అని ఒక స్నేహితుడు నన్ను ఎగతాళి చేసెను. ఈ డీజిలు కార్ల తయారీని మారుతీవారు 2020 ఏప్రిలునుండి మానివేసిరి. పాతవి మాత్రము మన రోడ్లమీద ఇంకను విస్తారముగా తిరుగుచున్నవి.

యౌవన ప్రసంగీకులు కొందరు టర్బోను పరిశుద్ధాత్మకు పోల్చి మాటలాడగా వింటిని. హెబ్రీ భాషలో రూఆహ్ అన్నను, గ్రీకులో న్యూమా అన్నను, గాలి, ఊపిరి, ఆత్మ అను మూడర్థములును కలవు. కాబట్టి ఆ పోలిక వారికి సులభముగా తట్టినది. నేను దానిని అంగీకరింపను. టర్బో ఇంజనుకు ఇచ్చునదంతయు ఇంజనునుండి పుచ్చుకొనినదే. ఇంజను మండినంతవరకే అది ఊదును. ఆగిపోయిన ఇంజనును అది లేపజాలదు. యెహెజ్కేలు చూచిన లోయలోని ఎముకలకు తమదని చెప్పుకొనుటకు పొగయైనను లేదు. అయినను అవి లేచి నిలిచెను. ఆ రెంటిని ఒకచోట కట్టకుడి. టర్బోకు తగిన పోలిక కావలెనన్న, ఐదు రొట్టెలు పంచిన పిమ్మట ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయించిన సంగతి చాలును. పారవేయవలసినదానిలో ఇంకను ఆహారమున్నది.

ఇప్పుడు యౌవనస్థుల ప్రశ్న. ఇట్టి కారును దినదినము నడుపువాడు మొదట నేర్చుకొనవలసినది వేగము కాదు, కనిపెట్టుట. ఇంజను నిమిషమునకు రెండువేల చుట్లకు లోబడి తిరుగునప్పుడు పొగ చాలదు; పొగ చాలనందున గాలి చాలదు. మీరు కాలితో ఎంత తొక్కినను బండి ఊరకుండును. తరువాత, వీపును ఎవరో అరచేతితో నెట్టినట్లు ఒక్కసారిగా ముందుకు పోవును. ఆ నెట్టుడు నాకిష్టము. ఏబది దాటినవాడనైనను, ఖాళీ రోడ్డుమీద అది తగిలినప్పుడు నా మనస్సు సంతోషించును. దీనిని దాచుట ఎందుకు? యేహూ రథము తోలు విధమును చూచి దూరమునుండియే కావలివాడు ఆయనను గుర్తుపట్టెనని రాజుల రెండవ గ్రంథములో ఉన్నది. మా గ్రామపు పిల్లలు కూడ నా కారును చూడకుండనే, మలుపుదగ్గర గేరు మార్చు చప్పుడు విని "అయ్యగారొచ్చె" అని చెప్పుదురట.

ప్రమాదము ఎక్కడ అనగా లారీని దాటుటలో. ముందు పోవు లారీ వెనుకనుండి ప్రక్కకు వచ్చి, తొక్కి, బలము కొరకు కనిపెట్టు ఆ ఒకటి రెండు క్షణములలో ఎదుట బస్సు వచ్చును. కాబట్టి ప్రక్కకు రాకముందే గేరు తగ్గించవలెను, వచ్చిన పిమ్మట కాదు. టర్బో లేదనుకొనినను దాటుటకు చాలినంత దారి ఉన్నదా? ఉన్నయెడల దాటుడి. లేనియెడల లారీ వెనుకనే పోవుడి. దాని వెనుక ఏమి వ్రాసియున్నదో చదువుకొనుడి. ఊళ్లలో స్పీడుబ్రేకరులు, రోడ్డుమీద ఆరబోసిన మొక్కజొన్నలు, గేదెలు, వీటి మధ్య ఎట్లును రెండవ గేరే గతి. దీని మేలు కనబడునది కొండ ఎక్కునప్పుడు. గిద్దలూరునుండి నంద్యాలకు నల్లమల ఘాటురోడ్డున నలుగురు పాస్టరులమును మా సంచులును ఎక్కినను, మూడవ గేరులో ఇంజనును సడలనియ్యకుండ పట్టుకొనినయెడల, చల్లగాలి మిషను ఆపనక్కరలేకుండ పైకి పోవుచున్నది.

2019 వర్షకాలములో ఒక తెల్లవారుజామున, కొండక్రింది పల్లెనుండి ఫోను వచ్చెను. నేలమీద పండుకొనిన పదేండ్ల బాలుని కట్లపాము కరచెను. కట్లపాము కాటు మిక్కిలి మోసకరమైనది. నొప్పి అంతగా ఉండదు, వాపు ఉండదు. బిడ్డ కడుపునొప్పి అనెను, రెప్పలు వాలుచున్నవి. 108 బండి అప్పటికే వేరొక పిలుపుమీద దూరము పోయియుండెను. నేను పోవునప్పటికి ఎవరో మంత్రగాని పేరు చెప్పుచుండిరి. బాలుని తండ్రి వారి మాట వినలేదు. ఆ మేలు ఆయనదే. గాయమును కోయవద్దనియు, త్రాడుతో బిగించి కట్టవద్దనియు, కాలు కదల్పకుండ పట్టుకొనుమనియు చెప్పి బండిలో పండుకొనబెట్టితిమి. తల్లి, తండ్రి, మేనమామ, ఇరుగుపొరుగువారిద్దరు ఎక్కిరి. ఇరువది మూడు కిలోమీటర్లు. మొదటి ఆరు కిలోమీటర్లు గుంటల రోడ్డు. వెనుకనుండి ఆ తండ్రి "తొక్కండయ్యా, ఇంకా తొక్కండయ్యా" అని ఏడ్చుచున్నాడు. చదువరులారా, పెద్ద గేరులో తొక్కినయెడల ఆ ఇంజను ఏమియు ఇయ్యదని నాకు తెలియును, ఆయనకు తెలియదు. నేను గేరు తగ్గించినప్పుడెల్ల నేను బండి ఆపుచున్నాననుకొని ఆయన కేకవేసెను. తారురోడ్డు ఎక్కిన పిమ్మట, బరువుతో ఉన్న ఆ చిన్న బండి పోయిన తీరు నేను మరువజాలను. ఆసుపత్రిలో విషమునకు విరుగుడు మందు ఎక్కించిరి. ఊపిరి ఆడించు యంత్రము కావలసినందున 108లో పెద్ద ఆసుపత్రికి పంపిరి. పండ్రెండు దినములకు బాలుడు ఇల్లు చేరెను.

ఆ ఆదివారమున సంఘమంతయు స్తోత్రము చేసెను. కారును గూర్చి గొణిగిన పెద్దలు కూడ దాని బానెటుమీద చేయివేసి చూచిరి.

అదే సంవత్సరము డిసెంబరులో నేను వంద కిలోమీటర్ల దూరమున ఒక కూటములో ప్రసంగించుచుండగా, మా ఊరిలోనే ఒక గృహములో స్త్రీకి నెలలు నిండకముందే నొప్పులు వచ్చెను. ఇంటివారు మొదట మా యింటికి పరుగెత్తి వచ్చిరి. కారు నాతోకూడ పోయియుండెను. ఆటోలో తీసికొనిపోయిరి. తల్లి బ్రదికెను, బిడ్డ దక్కలేదు. మరునాడు నేను వచ్చి ఆ చిన్న శరీరమును సమాధిచేయు ప్రార్థన చేసితిని. ఆ తండ్రి నన్ను ఒక్క మాటయు అనలేదు. కారు ఉన్నయెడల బిడ్డ బ్రదికియుండెడిదా అని నేను డాక్టరును అడిగితిని. నెలలు నిండని బిడ్డ, ఏమియు చెప్పలేమని ఆయన అనెను. ఆ మాట నేను ఆ యింటివారికి చెప్పితిని. వారు విని, తలవూపిరి. ఆ సహోదరుడు నేటికిని ఆరాధన తప్పడు. నాకు వందనము చెప్పును. కారువైపు మాత్రము చూడడు. ఆయన ఇంతవరకు దానిని ఎక్కలేదు. మేమును అడుగలేదు.

కారు లేని పల్లెలో ఎవరును కారు కొరకు పరుగెత్తరు. ఒకటి ఉన్నప్పుడే, అది లేని రాత్రియు కలుగును. పత్రములలో ఆ కారు నా పేరున ఉన్నదనునది నిజమే. అయితే కొండక్రింది పల్లెవారికిగాని ఆ తల్లికిగాని ఆ పత్రముతో ఏమి పని? నా భార్యయు నేనును చాల దినములు దీనిని గూర్చి మాటలాడుకొంటిమి. తుదకు ఆమెయే చెప్పెను: "దూరపు మీటింగులకు బస్సు ఉంది గదండీ. పల్లెకు రాత్రిపూట బస్సు లేదు."

అప్పటినుండి దూరపు కూటములకు నేను బస్సులోనే పోవుచున్నాను; కారు ఊరిలోనే ఉండును. సంఘములోని ఇద్దరు యౌవనస్థులకు నడుపుట నేర్పి, లైసెన్సు తీయించితిని. తాళపుచెవి మా యింటి గుమ్మమునకు లోపలితట్టు మేకుకు వ్రేలాడును. ఇది అంత సులభముగా జరుగలేదు. పెద్దలలో ఒకరు, "పిల్లోళ్ల చేతిలో పెడితే టర్బో పోద్ది అయ్యగారూ. అది పోతే ఆ ఖర్చు సంఘం మోయలేదు" అనిరి. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. టర్బో చెడుట ఎక్కువగా నడుపువాని అలవాటువలననే.

కాబట్టి వారికి స్టీరింగుకంటె ముందు నూనె సంగతి నేర్పితిని. ఉదయమున ఇంజను తిరుగగానే తొక్కరాదు. ఆయిలు పైకి పోయి ఆ ఇరుసును చేరవలెను. వారము వారము ఆయిలు పుల్ల తీసి చూడవలెను. పదివేల కిలోమీటర్లకు ఆయిలు మార్చవలెను; రెండు నెలలు డబ్బులేదని వాయిదా వేయరాదు. సైలెన్సరులో నీలిపొగ వచ్చినయెడల ఆయిలు మండుచున్నదని అర్థము. నల్లపొగ మితిమీరినయెడల గాలి చాలలేదని, గొట్టమెక్కడనో కారుచున్నదేమో చూడవలెను. ఘాటు ఎక్కి వచ్చినప్పుడుగాని, బాగుగా తొక్కి నడిపినప్పుడుగాని, ఆగిన వెంటనే తాళము త్రిప్పరాదు. ఇంజను ఆగిన వెంటనే ఆయిలు రాక ఆగును. ఎఱ్ఱగా కాగిన ఆ చక్రపు ఇరుసులో నిలిచిన ఆయిలు మాడి బొగ్గగును. ఒక నిమిషము ఊరక తిరుగనియ్యవలెను.

ఈ నిమిషమును గూర్చి మీకు ఒక సంగతి చెప్పవలెను. నేను గ్రామములకు పోయి, గుడియెదుట బండి నిలిపి, ఇంజను ఆపకుండ కూర్చుండుట చూచి, పాస్టరుగారు దిగకముందు బండిలోనే ప్రార్థించుకొనుచున్నారని చాలకాలము జనులు అనుకొనిరట. కారణము టర్బో అని తెలిసినప్పుడు కొందరు కొంచెము నిరుత్సాహపడిరి. నిజమునకు గ్రామములోనికి మెల్లగా వచ్చిన బండికి ఆ నిమిషము అక్కరలేదు. దారిలోనే అది చల్లబడియుండును. మెకానిక్కు కూడ నాతో ఆ మాటే చెప్పెను. అయినను నేను ఆ అలవాటు మానలేదు. దినమంతటిలో ఎవరును నన్ను ఏమియు అడుగని నిమిషము అదొక్కటే.

పోయిన సంవత్సరము ఒక వృద్ధ వితంతువును కంటి శుక్లము తీయించుటకు పట్టణమునకు తీసికొనిపోతిమి. పిడికెడు బియ్యము ఒక్కపూటయు తప్పనివారిలో ఆమె ఒకతె. యౌవనస్థులలో చిన్నవాడు నడుపుచుండెను. ఆమెను ముందు కూర్చుండబెట్టి నేను వెనుక కూర్చుంటిని. అద్దము దింపుమని, గాలి రానిమ్మని ఆమె పట్టుబట్టెను. తారురోడ్డు ఎక్కగానే "ఏందిరా ఆ ఈల చప్పుడు?" అని అడిగెను. వాడు నావైపు అద్దములో చూచి, "ఊదుగొట్టం అవ్వా. ఇంజనుకు పొయ్యి ఊదతాది" అనెను. ఆమె నవ్వి, "మరి అది ఊదితే దీనికి కళ్లు మండవా?" అనెను. వానికి జవాబు తోచలేదు; నాకును తోచలేదు.

ఆసుపత్రి గుమ్మమునొద్ద వాడు బండి నిలిపి ఇంజను ఆపలేదు. "దిగమంటావా, ఉండమంటావా?" అని ఆమె అడిగెను. "ఒక్క నిమిషం ఉండవ్వా, అది చల్లబడాల." ఆమె కొంగు సర్దుకొని, పచ్చని పొర కమ్మిన ఆ కన్నులతో ఎదుటి గోడవైపు చూచుచు కూర్చుండెను. నిమిషము నిండగానే వాడు తాళము త్రిప్పి, నోటుపుస్తకము తీసి, ఈ కిలోమీటర్లు ఏ వరుసలో వ్రాయవలెనని నన్ను అడిగెను. నేను మాటలాడకమునుపే ఆమె, "నా లెక్కలో రాయి నాయనా, నా బియ్యం ఉన్నాయిగా" అనెను.

సంఘపు వరుసలో 46 అని వ్రాసి, ఆమెను లోపలికి నడిపించుకొని పోతిమి.